పశ్చిమ రాష్ట్రాల్లో నాన్‌రెసిడెంట్ హంటింగ్ ట్యాగుల డ్రా న్యాయంగానే జరుగుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సాస్‌లోనో జార్జియాలోనో న్యూజెర్సీలోనో ఉంటూ ఎల్క్ (పెద్ద దుప్పి జాతి జంతువు) వేటకి కొలరాడో, వ్యోమింగ్ వైపు వెళ్లాలనుకునే మనవాళ్లు ఏటా జనవరిలో ఇవే సందేహాలు అడుగుతారు. ఫలితాలు వచ్చాక మళ్లీ అవే, ఈసారి కోపంగా. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ట్యాగ్ అంటే ఒక జంతువుని వేటాడే పర్మిట్, డ్రా అంటే దానికోసం తీసే లాటరీ, నాన్‌రెసిడెంట్ అంటే ఆ రాష్ట్రంలో నివాసం లేనివాళ్లు. ఏ ప్రశ్న కావాలంటే అది విడిగా చదువుకోవచ్చు. ఫీజులు, కోటాలు మారుతూ ఉంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు ఆ రాష్ట్రం ఆ ఏడాది విడుదల చేసిన రూల్స్ ఒకసారి చూసుకోండి.

## అప్లై చేయకముందు

లైసెన్స్ తీసుకున్నాను కదా, మళ్లీ ట్యాగ్ ఎందుకు?

లైసెన్స్ అంటే వేటాడేందుకు మీకు అర్హత ఉందని. ట్యాగ్ అంటే ఫలానా జంతువు ఒక్కటి, ఫలానా యూనిట్‌లో, ఫలానా తేదీల్లో, ఫలానా ఆయుధంతో వేటాడుకోవచ్చని. కొలరాడోలో హంట్ కోడ్ ఒకటి చూడండి: ఈ-ఎం-061-ఓ1-ఆర్. ఇందులో ఈ అంటే ఎల్క్, ఎం అంటే మగది, 061 యూనిట్ నంబర్, ఓ1 మొదటి రైఫిల్ సీజన్, ఆర్ అంటే రైఫిల్. లాటరీ జరిగేది ఈ కోడ్ మీదే, రాష్ట్రం మొత్తానికి కాదు. కాబట్టి "కొలరాడోలో ఛాన్స్ ఎంత?" అని అడిగితే జవాబు ఉండదు, ఈ కోడ్‌కి ఛాన్స్ ఎంత అని అడగాలి. పక్కపక్క యూనిట్లలోనే ఒకటి సులువుగా వస్తుంది, ఇంకోటి ఇరవై ఏళ్లు ఆగినా రాదు.

అసలు లాటరీ ఎందుకు? ముందొచ్చినవాళ్లకి అమ్మేస్తే అయిపోతుంది కదా?

మందలో ఎన్ని ఉన్నాయో, ఈ ఏడాది ఎన్ని తీస్తే మందకి ఇబ్బంది ఉండదో బయాలజిస్టులు లెక్క కడతారు, ట్యాగుల సంఖ్య దాన్నిబట్టి వస్తుంది. కొన్ని బిగ్‌హార్న్ షీప్ (పెద్ద కొమ్ముల అడవి గొర్రె) హంట్లకి ఏడాదికి ఒకటో రెండో ఉంటాయి, అడిగేవాళ్లు వేలల్లో. ముందొచ్చినవాళ్లకే అంటే ఏమవుతుందో ఐడహోలో చూశాం. అక్కడ నాన్‌రెసిడెంట్ జనరల్ ట్యాగులు డిసెంబర్ 1న ఆన్‌లైన్ క్యూలో అమ్మేవాళ్లు, ఆఫీసులో మీటింగ్ మానేసి స్క్రీన్ ముందు కూర్చున్నా తన ముందు వేలమంది ఉన్నారని చూసుకోవడమే చాలామందికి మిగిలేది. చివరికి 2026 సీజన్ నుంచి దాన్ని కూడా డ్రాకి మార్చారు. ఇంకో దారి వేలం. అప్పుడు ధనవంతులే వేటాడతారు. ఈ మూడింట్లో లాటరీయే మేలని నా గట్టి అభిప్రాయం.

నాన్‌రెసిడెంట్లకి వాటా తక్కువ, ఫీజు ఎన్నో రెట్లు. ఇది చట్టం ముందు నిలుస్తుందా?

నిలుస్తుంది. దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయారు. 1976లో మోంటానాలో రెసిడెంట్‌కి ఎల్క్ లైసెన్స్ 9 డాలర్లు, నాన్‌రెసిడెంట్ అయితే 225 డాలర్ల కాంబినేషన్ లైసెన్స్ కొనాల్సిందే. అంటే 25 రెట్లు. కేసు వేస్తే 1978లో సుప్రీంకోర్టు, సరదాకి చేసే ఎల్క్ వేట రాజ్యాంగం కాపాడే మౌలికమైన హక్కు కాదు, కాబట్టి రాష్ట్రం ఇలా తేడా చూపించవచ్చు అని తేల్చింది.

తర్వాత ఇంకో దారిలో ప్రయత్నించారు. అరిజోనా పెట్టిన 10 శాతం పరిమితి రాష్ట్రాల మధ్య వాణిజ్యానికి అడ్డమని వాదిస్తే 2002లో 9వ సర్క్యూట్ అప్పీల్ కోర్టు ఆ వాదనలో బలం ఉందంది, ఆ తర్వాత కింది కోర్టు పరిమితిని ఆపేసింది. నాన్‌రెసిడెంట్లు గెలిచినట్టే అనిపించింది. కానీ పశ్చిమ రాష్ట్రాలన్నీ కంగారుపడ్డాయి, 2005లో కాంగ్రెస్ ఒక చట్టం చేసి రెసిడెంట్‌కీ నాన్‌రెసిడెంట్‌కీ తేడా చూపించే అధికారం రాష్ట్రాలదేనని స్పష్టంగా రాసేసింది. అప్పటి నుంచి ఆ తలుపు మూసుకుపోయింది. వాటా పెరగాలంటే కోర్టుకి వెళ్లి లాభం లేదు, ఆ రాష్ట్రంలో వేట రూల్స్ పెట్టే గేమ్ కమిషన్‌నీ శాసనసభనీ ఒప్పించాల్సిందే.

ఫారెస్ట్ సర్వీస్ భూమి దేశం మొత్తానిది. నేనూ ట్యాక్స్ కడుతున్నాను. మరి నాకెందుకు తక్కువ?

భూమి ఫెడరల్ ప్రభుత్వానిది, జంతువు మీద పెత్తనం రాష్ట్రానిది. ఆ అడవిలో మీరు టెంట్ వేసుకోవచ్చు, నడవొచ్చు, ఫొటోలు తీసుకోవచ్చు. ఎల్క్‌ని కొట్టడానికి మాత్రం రాష్ట్రం ఒప్పుకోవాలి.

రెసిడెంట్లకి ముందు ప్రాధాన్యం ఇవ్వడం నాకు న్యాయంగానే కనిపిస్తుంది. కంచెలు విరిగేది వాళ్లవి, గడ్డి మేసేది వాళ్ల పొలాల్లో, మంచు రోడ్ల మీద జింకకి గుద్దుకునేది వాళ్ల కార్లు. అలాగని మన వాదన వట్టిది కాదు. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద ఎవరు ఎక్కడ రైఫిల్ కొన్నా, తూటాలు కొన్నా వాటి మీద 11 శాతం ఎక్సైజ్ పన్ను వన్యప్రాణుల సంరక్షణకి వెళుతుంది. ఆ డబ్బుని రాష్ట్రాలకి సగం విస్తీర్ణాన్నిబట్టి, సగం లైసెన్స్ ఉన్న వేటగాళ్ల సంఖ్యనిబట్టి పంచుతారు. డల్లాస్‌లో కొన్న తూటాల పెట్టె మీద పన్నులోనూ వ్యోమింగ్‌కి వాటా ఉంటుంది. దానికి తోడు ఆ రాష్ట్రాల లైసెన్స్ ఆదాయంలో పెద్ద భాగం నాన్‌రెసిడెంట్లదే. ఇంత ఇస్తున్నవాళ్ల వాటాని ఏటేటా కోసుకుంటూ పోవడం సరికాదని నేను అంటాను.

ఏ రాష్ట్రం మనకి ఎంత ఇస్తుంది?

అరిజోనాలో 10 శాతం దాకా, ఐడహో కంట్రోల్డ్ హంట్లలో 10 శాతం దాకా, మోంటానా స్పెషల్ పర్మిట్లలో 10 శాతం దాకా. (కంట్రోల్డ్ హంట్, స్పెషల్ పర్మిట్, లిమిటెడ్ ఎంట్రీ, పేర్లు వేరైనా అన్నీ ట్యాగులు పరిమితంగా డ్రాలో ఇచ్చే వేటలే.) ఈ "దాకా"ని జాగ్రత్తగా చదవండి. అది పరిమితి, మీకోసం పక్కన పెట్టిన వాటా కాదు. రెసిడెంట్లే ముందు వరసలో వచ్చేస్తే నాన్‌రెసిడెంట్లకి సున్నా కూడా రావచ్చు, అందులో రూల్ తప్పినదేమీ లేదు. యూటా లిమిటెడ్ ఎంట్రీలో 10 శాతం ఇస్తుంది. న్యూ మెక్సికోలో 84 శాతం రెసిడెంట్లకి, 10 శాతం గైడ్‌ని పెట్టుకున్నవాళ్లకి, 6 శాతం సొంతంగా వచ్చే నాన్‌రెసిడెంట్లకి. కొలరాడో ఒకప్పుడు చాలా హంట్లలో 35 శాతం ఇచ్చేది, 2024 నుంచి 25, గిరాకీ ఎక్కువున్నచోట 20. వ్యోమింగ్ లిమిటెడ్ ఎల్క్‌లో 16, డీర్, యాంటిలోప్‌లో 20 ఇస్తూ వచ్చింది. షీప్, మూస్, గోట్‌లలో మాత్రం 2022 నాటి చట్టంతో 10కి దించేసింది, మూస్ పాయింట్లకి (డ్రాలో ఛాన్స్ పెరగడానికి ఏటా కూడబెట్టుకునేవి) ఏటా 150 డాలర్లు కట్టుకుంటూ వచ్చినవాళ్లకి ఆట మధ్యలో రూల్ మారిపోయింది. నన్ను బాగా బాధపెట్టిన మార్పుల్లో ఇదొకటి.

నేను హెచ్-1బి మీద ఉన్నాను. డ్రాలో పాల్గొనవచ్చా? తుపాకీ పట్టుకోవచ్చా?

రెసిడెంట్, నాన్‌రెసిడెంట్ అన్నది ఏ రాష్ట్రంలో నివాసం ఉంటున్నారన్న లెక్క. పౌరసత్వం లెక్క కాదు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసైతే మామూలుగా అప్లై చేయొచ్చు, ఒక రాష్ట్రం సర్టిఫికెట్‌ని మిగతావి ఒప్పుకుంటాయి.

తుపాకీ సంగతి వేరు. నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది, కానీ ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ గడువులో ఉంటే మినహాయింపు ఉంది. గడువు తీరితే మినహాయింపూ పోతుంది, తుపాకీ మీ అల్మారాలోనే ఉన్నా సరే. ఇది ఇమిగ్రేషన్‌కే ఎసరు పెట్టే విషయం, కాబట్టి స్నేహితుల మాట మీద నడవకుండా లాయర్‌ని అడగండి.

బావగారు డెన్వర్‌లో ఉంటారు. ఆయన అడ్రస్ ఇచ్చి రెసిడెంట్‌గా అప్లై చేస్తే?

చేయకండి. కొలరాడోలో ఆరు నెలలు, మోంటానాలో 180 రోజులు, వ్యోమింగ్‌లో ఏడాది నిజంగా కాపురం ఉండాలి. దొరికితే జరిమానాతో ఆగదు, ఒక రాష్ట్రంలో హక్కు రద్దయితే రాష్ట్రాల మధ్య ఉన్న ఒప్పందం వల్ల దాదాపు దేశమంతా రద్దవుతుంది. పైగా మీరు కొట్టేసేది ఇంకొకరి వంతు.

## పాయింట్లు

ప్రిఫరెన్స్ పాయింట్లు, బోనస్ పాయింట్లు రెండూ ఒకటే కదా?

కాదు. ప్రిఫరెన్స్ అంటే క్యూ: ఎక్కువ పాయింట్లున్నవాళ్లకి ఇచ్చాకే తక్కువున్నవాళ్ల దగ్గరికి వస్తారు. బోనస్ అంటే ఎక్కువ చీటీలు. ఎవరికైనా రావచ్చు, పాత వాళ్లకి ఛాన్స్ ఎక్కువ.

చాలా రాష్ట్రాలు రెండూ కలుపుతాయి. వ్యోమింగ్ నాన్‌రెసిడెంట్ ట్యాగుల్లో 75 శాతం పాయింట్ల వరసలో, 25 శాతం రాండమ్‌గా ఇస్తుంది. యూటా సగం గరిష్ఠ పాయింట్లవాళ్లకి, సగం రాండమ్‌గా. అరిజోనా 20 శాతం ట్యాగుల్ని అందరికంటే ఎక్కువ పాయింట్లున్నవాళ్లకి ఇస్తుంది. నెవాడా పాయింట్లని వర్గం చేసి ఒకటి కలుపుతుంది, అంటే పది పాయింట్లుంటే 101 నంబర్లు, అయిదుంటే 26, ఏమీ లేకపోతే ఒకటి. చూడ్డానికి భారీ తేడా. కానీ మీ పక్కనున్నవాళ్లకీ పది ఉన్నాయని మర్చిపోకూడదు.

ఏటా పాయింట్ కొంటూ పోతే ఎప్పటికైనా గ్యారంటీగా వస్తుంది కదా?

మంచి యూనిట్లలో రాదు. దీన్నే పాయింట్ క్రీప్ అంటారు. ఒక హంట్‌కి నాన్‌రెసిడెంట్ ట్యాగులు ఏడాదికి అయిదు, మీ ముందు వరసలో రెండు వందల మంది ఉన్నారనుకోండి. ఎవరూ మధ్యలో మానేయకపోతే మీ వంతు నలభై ఏళ్లకి. ఈలోపు కోటా తగ్గితే ఇంకా వెనక్కి. ముప్పై అయిదేళ్ల వయసులో ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లకి ఆ లెక్క ఏం చెబుతుందో ఆలోచించండి.

నాకు ఇందులో అసలు అన్యాయం కనిపించేది ఇక్కడే. డ్రాలో మోసం లేదు, కానీ ఎప్పటికీ తీర్చలేని ఆశని ఏటా డబ్బు తీసుకుని అమ్ముతున్నారు. ట్యాగుల కంటే పాయింట్లు వేగంగా పెరుగుతున్నాయని ప్రతి రాష్ట్ర వన్యప్రాణి శాఖకీ తెలుసు, వాళ్ల రిపోర్టుల్లోనే ఉంటుంది. అందుకని కొత్తవాళ్లకి నేను చెప్పేది: మధ్యరకం యూనిట్ ఎంచుకోండి, రెండు మూడు పాయింట్లకే వచ్చేదానికి వెళ్లి వేటాడండి, కొమ్ములు పెద్దవి కాకపోయినా ఫర్వాలేదు. వ్యోమింగ్‌లో వరసగా రెండేళ్లు అప్లై చేయకుండా, పాయింటూ కొనకుండా వదిలేస్తే ఉన్నవి కూడా పోతాయని గుర్తుంచుకోండి.

పాయింట్లే లేని న్యూ మెక్సికో, ఐడహో నయం కదా?

కొత్తగా వచ్చేవాళ్లకి నయం. నిన్న మొదలుపెట్టిన మనిషికీ ముప్పై ఏళ్లుగా అప్లై చేస్తున్న మనిషికీ ఒకే ఛాన్స్. పాతవాళ్లు దీన్నే అన్యాయం అంటారు. నా మటుకు నాకు ఇదే శుభ్రమైన పద్ధతి. న్యూ మెక్సికోలో ప్రతి అప్లికేషన్‌కీ ఒక రాండమ్ నంబర్ పడుతుంది, మీ వంతు వచ్చినప్పుడు మీ మూడు ఛాయిస్‌లూ వరసగా చూసి, ఏదీ ఖాళీ లేకపోతేనే తర్వాతి మనిషి దగ్గరికి వెళతారు. అందుకే అక్కడ రెండో, మూడో ఛాయిస్ ఊరికే నింపకండి. ఐడహోలో షీప్, మూస్, గోట్‌కి అప్లై చేస్తే అదే ఏడాది డీర్, ఎల్క్ కంట్రోల్డ్ హంట్లకి అప్లై చేయకూడదు. పోటీ తగ్గడానికి అది బాగా పనిచేస్తుంది.

నలుగురం కలిసి గ్రూపుగా వేస్తే నష్టమా?

కొలరాడోలో గ్రూపులో అందరికంటే తక్కువ పాయింట్లు ఎవరివో అవే గ్రూపు పాయింట్లు. వ్యోమింగ్‌లో సగటు తీస్తారు. నలుగురుండి రెండు ట్యాగులే మిగిలితే చాలాచోట్ల గ్రూపు మొత్తాన్ని దాటేస్తారు, కోటా రెండో మూడో ఉన్న హంట్‌కి నలుగురి గ్రూపు వేయడమంటే డబ్బు పారబోసుకున్నట్టే.

## డ్రా జరిగేటప్పుడు

కంప్యూటర్ నిజంగా రాండమ్‌గానే తీస్తుందని నమ్మొచ్చా?

నమ్మొచ్చు. ఊరికే అనడం లేదు, సరిచూసుకునే దారి ఉంది. రాష్ట్రాలు ప్రతి హంట్ కోడ్‌కీ ఎంతమంది అప్లై చేశారు, ఏ పాయింట్ల దగ్గర ఎంతమందికి వచ్చింది అని ఏటా రిపోర్టు పెడతాయి. కొలరాడో రిపోర్టులో రెసిడెంట్, నాన్‌రెసిడెంట్ వరసలు పక్కపక్కనే ఉంటాయి. కొన్నేళ్ల రిపోర్టులు దించుకుని మీ హంట్ ఒక్కదాన్ని గమనిస్తే, రూల్ ప్రకారం రావాల్సిన సంఖ్యే వచ్చిందో లేదో మీకే తెలుస్తుంది. ఒక్క మనిషి ఫలితంతో రాండమ్ అవునో కాదో తేలదు, వేల ఫలితాలు కలిపి చూస్తే తేలుతుంది.

మా టీమ్‌లో ఒకతనికి మొదటి ఏడాదే వచ్చింది, నాకు పదేళ్లుగా లేదు. ఇందులో ఏదో ఉంది!

రెండు శాతం ఛాన్స్ ఉన్న డ్రాకి కొత్తవాళ్లు అయిదు వేలమంది అప్లై చేస్తే వాళ్లలో వందమందికి మొదటిసారే వస్తుంది. ఆ వందమంది ఫొటోలు పెడతారు, మిగతా 4,900 మంది ఏమీ పెట్టరు. అలాగే, ఏటా ఒక శాతం ఛాన్స్‌తో ఇరవై ఏళ్లు అప్లై చేస్తే ఒక్కసారైనా వచ్చే అవకాశం 18 శాతమే, వందలో 82 మంది ఇరవై ఏళ్లూ ఉత్త చేతులతోనే ఉంటారు. బాధగానే ఉంటుంది, కాదనను. కానీ న్యాయమైన లాటరీలో జరిగేది సరిగ్గా ఇదే.

వ్యోమింగ్‌లో "స్పెషల్" అని ఎక్కువ డబ్బు కడితే ఛాన్స్ పెరుగుతుందట. మరి ఇదేం న్యాయం?

పెరుగుతుంది. నాన్‌రెసిడెంట్ ట్యాగుల్లో 40 శాతం స్పెషల్ ఫీజు కట్టినవాళ్లకి, 60 శాతం మామూలు ఫీజు వాళ్లకి. 2024లో ఎల్క్‌కి మామూలు ఫీజు 692 డాలర్లు, స్పెషల్ 1,950. ట్యాగ్ అదే, యూనిట్ అదే, తేదీలు అవే. ఉదాహరణకి వంద ట్యాగుల్లో స్పెషల్ వైపు 40కి 60 మంది, మామూలు వైపు 60కి 300 మంది వస్తే, అటు ముగ్గురిలో ఇద్దరికి, ఇటు అయిదుగురిలో ఒకరికి.

తిరుమలలో సేవలకి ఈ-డిప్ ఉంది, శ్రీవాణి ట్రస్టుకి పదివేలు ఇస్తే బ్రేక్ దర్శనం ఉంది, రెండూ అందరికీ తెలిసే జరుగుతాయి. ఇదీ అంతే, దాచిందేమీ లేదు. అయినా ఒకే ట్యాగ్‌కి రెండు క్యూలు పెట్టడం నాకు నచ్చదు. ఖర్చులకి డబ్బు కావాలంటే అందరికీ ఫీజు కొంచెం పెంచవచ్చు. మీ బడ్జెట్ తట్టుకుంటే కట్టండి, అప్పు చేసి మాత్రం వద్దు.

న్యూ మెక్సికోలో గైడ్‌తో కాంట్రాక్ట్ ఉంటే వేరే పూల్‌లో పెడతారు. అది మోసం కాదా?

చట్టంలో ఉన్నదే, మోసం కాదు. సొంతంగా వచ్చేవాళ్లకి 6, గైడ్ పూల్‌కి 10. గైడ్ ఖర్చు వేలల్లో ఉంటుంది కాబట్టి ఆ పూల్‌లో పోటీ సాధారణంగా తక్కువ. లోకల్ గైడ్లకి బతుకుతెరువు అనేది వాళ్ల వాదన. అది నిజమే కానీ, ఆ భారం మామూలు వేటగాడి వాటా మీదే ఎందుకు పడాలి? మోంటానాలో ఇలాంటివే ఔట్‌ఫిట్టర్ (వేట ట్రిప్పులు నడిపే వ్యాపారి) ద్వారా వచ్చే గ్యారంటీ లైసెన్సులు ఉండేవి, 2010లో అక్కడి ఓటర్లు ఐ-161 అనే ప్రతిపాదనతో వాటిని తీసేశారు. మార్చలేనిదేమీ కాదు.

గవర్నర్ ట్యాగులు లక్షల డాలర్లకి వేలం వేస్తారట కదా?

అవును, బిగ్‌హార్న్ షీప్ ట్యాగులు కొన్ని అంత ధర పలుకుతాయి. రాష్ట్రానికి ఏ కొద్దో ఉంటాయి, డబ్బు ఎక్కువ భాగం ఆ జంతువుల సంరక్షణకే పోతుంది. అవి మీ ఛాన్స్‌ని పెద్దగా తగ్గించవు, మీ కోపాన్ని పెద్ద సమస్యల కోసం దాచుకోండి.

## ఫలితాలు వచ్చాక

ఫలితం రాలేదు గానీ కార్డులో డబ్బు కట్ అయింది. వచ్చినట్టేనా?

రాష్ట్రాన్నిబట్టి. అరిజోనాలో డ్రా అయ్యాక ట్యాగ్ వచ్చినవాళ్ల కార్డుకే ట్యాగ్ డబ్బు పడుతుంది, అందుకే ఆ వారమంతా జనం బ్యాంక్ యాప్ తెరిచి మూస్తూనే ఉంటారు. కార్డు గడువు అయిపోయి పేమెంట్ ఫెయిలైతే వచ్చిన ట్యాగ్ చేజారిపోవచ్చు, ఆ టెన్షన్ పడేకంటే ముందే కార్డు వివరాలు సరిచూసుకోండి. న్యూ మెక్సికోలో దీనికి రివర్స్, అప్లై చేసేటప్పుడే మొత్తం ఫీజు తీసుకుని రాకపోతే వెనక్కి ఇస్తారు.

రాకపోతే నా డబ్బంతా వెనక్కి వస్తుందా?

ట్యాగ్ డబ్బు వస్తుంది. అప్లికేషన్ ఫీజు రాదు, అప్లై చేయడానికి ముందే కొనాల్సిన లైసెన్స్ ఉంటే అదీ రాదు. అరిజోనాలో నాన్‌రెసిడెంట్ లైసెన్స్ కొన్నేళ్లుగా 160 డాలర్లు, అప్లికేషన్ 15. ఒక్క జాతికే వేసినా పదేళ్లకి 1,750 డాలర్లు, ట్యాగ్ లేకుండానే. ఇంట్లోవాళ్లకి ఈ లెక్క ముందే చెప్పండి.

ట్యాగ్ వచ్చింది, సెలవు దొరకలేదు. తమ్ముడికి ఇవ్వొచ్చా?

మామూలుగా కుదరదు. ట్యాగ్ పేరు మీద ఉంటుంది, అమ్మడం, ఇవ్వడం నేరం. కొన్ని రాష్ట్రాల్లో సొంత పిల్లలకో, తీవ్ర అనారోగ్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే సంస్థలకో బదిలీ చేయనిస్తారు. చాలాచోట్ల సీజన్‌కి బాగా ముందే వెనక్కి ఇస్తే పాయింట్లు మళ్లీ మీ ఖాతాలోకి వస్తాయి. వెళ్లలేమని తెలిసిన రోజే ఇచ్చేయండి, అది ఇంకొకరికి పనికొస్తుంది.

వ్యోమింగ్‌లో ట్యాగ్ వచ్చాక తెలిసింది, వైల్డర్‌నెస్‌లోకి గైడ్ లేకుండా వెళ్లకూడదట!

నిజమే. వైల్డర్‌నెస్‌గా (రోడ్లు, వాహనాలు లేకుండా అడవిగానే ఉంచే చోటుగా) ప్రకటించిన ప్రాంతాల్లో నాన్‌రెసిడెంట్ బిగ్ గేమ్ (ఎల్క్, జింక లాంటి పెద్ద జంతువులు) వేటాడాలంటే లైసెన్స్ ఉన్న గైడ్ గానీ, అనుమతి తీసుకున్న వ్యోమింగ్ రెసిడెంట్ గానీ వెంట ఉండాలి. అదే అడవిలో మీరు ఒంటరిగా ట్రెక్కింగ్‌కి వెళ్లొచ్చు, చేపలు పట్టుకోవచ్చు. భద్రత కోసమన్న వాదన అందుకే నాకు మింగుడుపడదు. యూనిట్ ఎంచుకునేటప్పుడే మ్యాప్‌లో వైల్డర్‌నెస్ ఎంత మేర ఉందో చూడండి. అలాస్కాలో బ్రౌన్ బేర్, డాల్ షీప్, మౌంటెన్ గోట్‌కి కూడా గైడ్ గానీ అక్కడే ఉండే దగ్గరి బంధువు గానీ తప్పనిసరి.

డ్రాలో రాలేదు. ఈ ఏడాదికి ఇంతేనా?

ఇంతే కాదు. మిగిలిపోయిన ట్యాగులు, జనం వెనక్కి ఇచ్చిన ట్యాగులు వేసవిలో మళ్లీ అమ్మకానికి వస్తాయి, కొలరాడో ఆ లిస్టుని ఎప్పటికప్పుడు కొత్తవి చేరుస్తూ పెడుతుంది. అయితే డ్రా లేకుండా నేరుగా కొనే ట్యాగులు తగ్గిపోతున్నాయి, కొలరాడో పశ్చిమ భాగంలో నాన్‌రెసిడెంట్లకి బాణం వేట ఎల్క్ ట్యాగుల నేరు అమ్మకం 2025 నుంచి ఆగిపోయింది. ఆడ ఎల్క్ ట్యాగులు మాత్రం ఇంకా సులువు. మాంసం అంతే రుచిగా ఉంటుంది, ఫీజు కూడా చాలాచోట్ల తక్కువ.

రూల్స్ బాగా లేవంటే మన మాట ఎవరు వింటారు? ఓటు కూడా లేదు.

ఓటు లేదు, కానీ గేమ్ కమిషన్లు రూల్స్ మార్చే ముందు అభిప్రాయాలు అడుగుతాయి, నాన్‌రెసిడెంట్లు రాసినా రికార్డులోకి వెళుతుంది. "డ్రా మోసం" అని రాస్తే ఎవరూ చదవరు. హంట్ కోడ్ వేసి, అయిదేళ్ల రిపోర్టు అంకెలు పెట్టి, ఫలానా కోటాలో రాండమ్ భాగానికి ఒక్క ట్యాగ్ కూడా మిగలడం లేదు, కనీసం ఒకటి పక్కన పెట్టండి అని అడగండి. ఇప్పటికే పాయింట్లు కొన్నవాళ్లకి రూల్ మారేముందు కొన్నేళ్ల గడువు ఇవ్వమని కూడా అడగండి. ఇంగ్లీషులో ఒక పేజీ చాలు, మీటింగ్ తేదీకి ముందు చేరాలి.